అభయం లేని బండి

కొండవీటిని రాజధాని చేసుకున్న అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవుకొచ్చే ఓడవర్తకులకు అభయ శాసనం వేయించాడు. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాడికి అలాంటి భరోసా ఏదీ?

చిన్న కారులో దిగితే కార్యకర్తలే లేచి నిలబడటం లేదని ఓ చోటా నాయకుడు దాన్ని అయినకాడికి అమ్మేసి, పాతదే అయినా కొండంత బండి కొన్నాడు. మీటరు తిరిగింది కొంచెమేనట. బ్రేకు పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నబడింది! కొండవీటి కోట ఘాట్ రోడ్డు ఎక్కుతూనే పొగలు కక్కింది. కిందికి లాక్కొచ్చింది మిర్చి ట్రాక్టరే. ట్రాక్టరాయన లేచి నిలబడలేదు సరికదా, డీజిలు డబ్బులడిగాడు.

అన్నా, పొగ సంగతి తర్వాత. అమ్మిన చిన్న కారు ఇంకా నీ పేరు మీదే ఉంటే, అది ఎవరిని గుద్దినా పరిహారం నీ నెత్తినే అని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది. ముందు పేరు మార్పిడికి ఫారం 29, 30 సంగతి చూడు!