కొత్త క్యాలెండరు, పాత పొట్ట

ఏటా జనవరి 1న ఆరోగ్యంగా మారిపోవడంలో నాకు 19 ఏళ్ల అనుభవం ఉంది. ఇన్నిసార్లు మారినవాడు మా కాలనీలో ఇంకొకడు లేడు. కాబట్టి ఈ చిట్కాలు నమ్మి ఆచరించవచ్చు.

1. ముహూర్తం చూసుకోండి

ఈ రోజు డిసెంబరు పది అనుకుందాం. రేపే మొదలుపెట్టడం ఒట్టి తొందరపాటు. ఒకటో తారీఖు దాకా ఆగాలి. ఆగినన్నాళ్లూ ‘ఎలాగూ మానేస్తున్నాం కదా’ అని రెట్టింపు తినాలి. ఒకటిన పొద్దున్నే లేవలేం, ముందురోజు అర్ధరాత్రి కేకు కోశాం కనక. అప్పటికి ధనుర్మాసం సగంలో ఉంటుంది. గుళ్లో పెట్టే చక్కెర పొంగలి వద్దంటే పాపం. ఆపైన సంక్రాంతి, అరిసెలు. కనుమ నాడు మినుము తినాలన్నారు, గారెలు తప్పవు. ఆ రోజు కాకి కూడా కదలదన్నారు, మనం వాకింగుకు ఎలా కదులుతాం? అరిసెల డబ్బా అడుగంటేసరికి మాఘమాసం వస్తుంది. కంగారుపడకండి. మన అసలు సంవత్సరాది ఉగాది. అది వచ్చేసరికి ఎండలు ముదురుతాయి, ఎండల్లో నడవకూడదు.

2. చిన్న పని పెట్టుకోకండి

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకు 22 నిమిషాలన్నమాట. ఇంత చిన్న పని చేస్తున్నామని నలుగురికీ చెప్పుకోవడం నామోషీ. పదివేల అడుగులు పెట్టుకోండి. ఈ అంకె వైద్యులు తేల్చింది కాదు, 1965లో జపానులో అడుగులు లెక్కించే పరికరం అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరు. అయితేనేం, గుండ్రంగా ఉంది. మొదటి రోజే పదివేలూ నడిచేసి, పిక్కలు పట్టేసి వారం మంచమెక్కండి. పట్టుదల వదలనివాళ్లు మంచంలోనే వాచీ కట్టుకున్న చెయ్యి ఊపుకోవచ్చు. మళ్లీ నడిచే రోజు వస్తే, టిఫిన్ సెంటరున్న వైపే నడవండి. నెయ్యి కారం దోశె లేకపోతే ఆ పొద్దున లేచిన శ్రమంతా వృథా.

3. ముందు సరంజామా కొనండి

బూట్లు, వాచీ, నీళ్ల సీసా, ట్రెడ్‌మిల్. వాయిదాల్లో కొంటే పన్నెండు నెలలూ ఆరోగ్యం గుర్తుంటుంది. మా ట్రెడ్‌మిల్ ఏడేళ్లుగా ఒక్క రోజు ఖాళీగా లేదు. ఇటు పిడికి తువ్వాళ్లు, అటు పిడికి లుంగీలు, పట్టా మీద ఇస్త్రీకి వెళ్లాల్సిన మూట. వానాకాలంలో దండెం కన్నా ఇదే మేలు.

4. తిండికి కొత్తవి కలపండి, పాతవి తీయకండి

రాగులు, జొన్నలు అనకండి, మిల్లెట్స్ అనండి. అప్పుడే వాటికి ధరా, మనకు గౌరవమూ పెరుగుతాయి. అన్నం మానక్కర్లేదు. అన్నం తిన్నాక ఆరోగ్యం కోసం రెండు జొన్న రొట్టెలు తినండి. పళ్లెంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ పళ్లూ ఉండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఆ సగాన్ని బంగాళాదుంప వేపుడుతో నింపండి. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, దాటకూడదట. ఆవకాయ ఆ లెక్కలోకి రాదు. అది మామిడికాయ.

5. నిద్రను అధ్యయనం చేయండి

పెందరాళే పడుకోవడం వల్ల కలిగే లాభాల మీద వీడియోలు రాత్రి ఒంటిగంట దాకా చూడండి. తర్వాత అయిదింటికి, అయిదుంబావుకి, అయిదున్నరకి అలారం పెట్టుకోండి. ఇల్లంతా లేస్తుంది. అప్పుడిక మీరు నిశ్చింతగా పడుకోవచ్చు.

6. ఇంట్లో పెద్దవాళ్లను చూసి చెడిపోకండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మా అమ్మకు 74 ఏళ్లు. ఏ జనవరికీ ఏ తీర్మానమూ చేసుకోలేదు. రాత్రి ఏడున్నరకల్లా తినేస్తుంది, తొమ్మిదికి పడుకుంటుంది. లిఫ్టంటే భయం, రెండంతస్తులూ మెట్లెక్కుతుంది. పాలకైనా కరివేపాకుకైనా నడిచే వెళ్తుంది. ఎన్ని అడుగులేసిందో తనకే తెలియదు, ఒక్క ఫొటో కూడా పెట్టదు. ఇలాంటి క్రమశిక్షణ లేని పద్ధతి మనకు పనికిరాదు.

నిన్న సాయంత్రం నేనీ చిట్కాలు రాసుకుంటుంటే గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ పిలిచింది. ‘ఒరేయ్, కొత్తిమీర తెచ్చుకుందాం, నువ్వూ రారాదూ.’

‘ఒకటో తారీఖు నుంచి వస్తానమ్మా’ అన్నాను.

నేను మూడో చిట్కా దగ్గర ఉండగానే తిరిగొచ్చేసింది. కొత్తిమీర కట్ట తీసి వంటింట్లో పెట్టి, ఖాళీ సంచీ ట్రెడ్‌మిల్‌కి తగిలించింది.