లమ్ బెర్రీ రైతు

మా వంశంలో వ్యవసాయం తాతగారితోనే ఆగిపోయిందని బంధువులంతా అనుకుంటారు. శుద్ధ అబద్ధం. నేను చేస్తూనే ఉన్నాను. కాకపోతే పొలం హోయెన్‌లో ఉంది. అట్లాసు తిరగేయకండి. 2002లో వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్ ఆటల కోసం జపాన్‌లోని క్యూషూ దీవిని నమూనాగా పెట్టుకుని కల్పించిన ప్రాంతమది. అక్కడ పట్టా పాస్‌పుస్తకం, బోరు మోటారు అక్కర్లేదు. పూలకొట్టుకి వెళితే తిమింగలం ఆకారంలో ఉన్న నీళ్ళ డబ్బా ఊరికే ఇస్తారు.

నా పంట లమ్ బెర్రీ. విషం, కాలిన గాయం, పక్షవాతం, మొద్దునిద్ర, గడ్డకట్టడం, తికమక, వీటిలో పోకెమాన్‌ని ఏది పట్టుకున్నా ఒక్క పండుతో వదులుతుంది. సర్వరోగ నివారిణి కదా, బెట్టెక్కువ. చెరీ బెర్రీ 12 గంటల్లో చేతికొస్తే ఇది 48 గంటలు తీసుకుంటుంది. అవి గోడగడియారం గంటలే. ఆట కట్టేసినా లోపలున్న బిళ్ళసెల్లు లెక్క కడుతూనే ఉంటుంది. నాటు, మొలక, ఎదుగుదల, పూత, ఒక్కో దశకీ 12 గంటలు. పండునే నాటాలి. నాలుగు దశల్లోనూ నీళ్ళు పోస్తే రెండు పండ్లు, అసలు పోయకపోతే ఒకటి. అంటే తెల్లారుజామున అలారం పెట్టుకుని లేచినందుకు నాకొచ్చే నికరలాభం ఒక్క పండు. పాలప్యాకెట్ తెమ్మంటే మోకాలు నొప్పని ముసుగు తన్నేదీ నేనే.

"లేచారు కదా, కాస్త బియ్యం కడిగి పెట్టండి" అంటుంది మా ఆవిడ వంటింట్లోంచి.

"ఉండవోయ్, చేను పూత మీదుంది" అంటాను.

ఓ పొద్దున పక్కనే కూర్చుని అడిగింది. "ఏమండీ, ఆ జబ్బులకి కొట్లో మందు దొరకదా?"

"ఎందుకు దొరకదూ? ఫుల్ హీల్. వెల 600."

"మీ దగ్గర డబ్బుల్లేవా?"

"బోలెడు."

"మరి?"

నాకు హుషారొచ్చింది. "మందయితే మనం వెయ్యాలి. ఈ పండు ముందే పోకెమాన్ చేతికిచ్చామనుకో, జబ్బు చెయ్యగానే తనంతట తానే తినేస్తుంది. ఒకళ్ళు గుర్తు చెయ్యక్కర్లేదు."

ఆవిడ మాట్లాడకుండా లేచి వెళ్ళి, నా బీపీ మాత్ర, గ్లాసుడు నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. మింగాను.

ఇంతకీ పండించినవి వాడతానా అంటే అదీ లేదు. అయిపోతాయేమోనని సంచీలో దాస్తాను. విషమెక్కితే పెచా బెర్రీతో సరిపెడతాను. ఎందుకయ్యా ఈ సేద్యం అంటే నా దగ్గరున్న జవాబొక్కటే. హోయెన్ మొక్క నీళ్ళు పోయకపోయినా చావదు, దిగుబడి తగ్గుతుందంతే. కోయడం మరిచిపోతే పండు రాలి అక్కడే మళ్ళీ మొలుస్తుంది. చీడ లేదు, కోతులు రావు, దళారి లేడు. ఇంత ఓర్పున్న మొక్క నాలాంటి బద్ధకస్తుడికి ఇంకెక్కడ దొరుకుతుంది? మా బాల్కనీలో కరివేపాకు నాలుగురోజులు కూడా ఆగలేదు. మా ఆవిడ ఆగుతోంది గనక సంసారం సాగుతోంది.

తోటి రైతు సోదరులకి ఒక మనవి. పండ్లు ఎన్నయినా దాచుకోండి, మాత్ర మాత్రం వేళకి మీరే వేసుకోండి.