42.195 బాబాయి

మా బాబాయిని దారి అడగకూడదు. ఆ సంగతి తెలియని కుర్రాడొకడు ఆ మధ్య స్కూటరాపి, "అంకుల్, రైతుబజారు ఇక్కణ్ణుంచి ఎంత దూరం?" అన్నాడు.

"గేటు దాకానా, లోపల టమాటాలమ్మే చోటు దాకానా?" అన్నాడు బాబాయి.

కుర్రాడు తడబడి, గేటు దాకానే అన్నాడు.

"1.6 కిలోమీటర్లు. మైలనుకో. కచ్చితంగా మైలే కావాలంటే మాత్రం గేటు దాటి ఇంకో తొమ్మిది మీటర్లు లోపలికి పోవాలి."

ఆ అబ్బాయికి కచ్చితమైన మైలుతో పనిలేదు, కొత్తిమీరతో పని. బాల్కనీలోంచి పిన్ని, "నలభై రూపాయల ఆటో దూరం నాయనా, తిన్నగా పో" అని అతణ్ణి విడిపించింది.

మా చిన్నతనంలో ఈ జాతి మనుషులు లేరు. పొద్దున్నే రోడ్డు మీద ఎవరైనా పరిగెత్తుతున్నారంటే పోలీసు సెలక్షన్లకు తయారయ్యే కుర్రాడైనా అయ్యుండాలి, బస్సు తప్పిపోతున్న గుమాస్తా అయినా అయ్యుండాలి. ఇప్పుడు నెక్లెస్ రోడ్డు మీదా, కేబీఆర్ పార్కు చుట్టూ, విశాఖ బీచ్ రోడ్డు మీదా తెల్లారకముందే గుంపులు గుంపులుగా కనిపిస్తారు. యాభై దాటిన వయసు, షుగరు రిపోర్టు చూశాక పుట్టిన భక్తి, పెళ్ళినాటి బట్టలకన్నా ఖరీదైన బూట్లు, ఉపగ్రహాలతో మాట్లాడే చేతి గడియారం. వీళ్లలో చాలామందికి పరుగంటే ఇష్టం. మా బాబాయిలాంటి కొద్దిమందికి మాత్రం పరుగు ఒక సాకు. అసలు మోజంతా దూరం మీదే.

గడియారం 9.87 చూపిస్తుండగా ఇంటి గేటు వచ్చేసిందనుకోండి. మీరూ నేనూ అయితే లోపలికెళ్లి కాఫీ అడుగుతాం. బాబాయి ఆగడు. సెల్లారులోకి వెళ్తే ఉపగ్రహం అందదు కాబట్టి గేటు బయటే, ఆరుబయట, వాచ్‌మన్ గది చుట్టూ తిరగడం మొదలుపెడతాడు. కొత్తగా చేరిన వాచ్‌మన్ మొదటిరోజు కంగారుపడి టార్చిలైటు పట్టుకుని వెంటపడ్డాడు.

"ఏం పోయింది సార్?"

"130 మీటర్లు."

వాచ్‌మన్ కాసేపు తనూ వెతికాడు.

బాబాయికి కోపం వచ్చే సందర్భాలు తక్కువ. కరెంటు పోయినా, పప్పులో ఉప్పు మరిచినా ఏమీ అనడు. కానీ మా కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఒకసారి వీధి మొగలో 'ఆరోగ్యం కోసం 2కే మారథాన్' అని ఫ్లెక్సీ కట్టారు. పాలప్యాకెట్లకు వెళ్లిన మనిషి దాని కిందే నిలబడిపోయి, అటునుంచటే సంఘం కార్యదర్శి ఇంటికి వెళ్లాడు.

"మారథాన్‌లో 2కే, 5కే అని రకాలుండవండీ. మారథాన్ ఒక్కటే. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. సగం పరిగెత్తితే హాఫ్ మారథాన్, 21 కిలోమీటర్ల తొంభై ఏడున్నర మీటర్లు. మీ రెండు కిలోమీటర్లు మారథాన్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు."

"రన్ అని వేయిస్తే ఎవరొస్తారు సార్? మారథాన్ అంటే టీషర్టు ఇస్తారని వస్తారు" అన్నాడు కార్యదర్శి. ఆయన వాదనలోనూ పసలేకపోలేదు.

ఆదివారం ఎమ్మెల్యేగారు జెండా ఊపి, కెమెరాకు అందినంత మేర పరిగెత్తి కారెక్కారు. జనం మొదటి మలుపు దాకా వెళ్లి, ఉప్మా పొట్లాలు దించడం చూసి వెనక్కి తిరిగారు. ఫ్లెక్సీలో గీసిన దారంతా పరిగెత్తినవాడు బాబాయి ఒక్కడే. రొప్పుతూ వచ్చి, "1.42 కిలోమీటర్లే వచ్చింది, ఇంకా 580 మీటర్లు బాకీ" అని మైకు అడిగాడు. మైకు ఇవ్వలేదు. అరటిపండు ఇచ్చారు.

ప్రాణం పెట్టి కాపాడుతున్న ఆ 42.195 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిశాక నాకు బాబాయి మీద జాలి కలిగింది. ఆ కథ కూడా ఆయనే చెప్పాడు, ఇడ్లీలు తింటూ. 1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు మారథాన్ సుమారు 40 కిలోమీటర్లు. ఆ తర్వాత కొన్నాళ్ల పాటు ఏ ఊరివాళ్ల వీలును బట్టి వాళ్లు పెట్టుకున్నారు. 1908లో లండన్ వాళ్లు విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టారు. స్టేడియం దాకా 26 మైళ్లు. లోపలికొచ్చాక రాజకుటుంబం కూర్చున్న చోటి ముందు పరుగు ముగియాలి కదా, దానికోసం ట్రాకు మీద ఇంకో 385 గజాలు. ఇటలీవాడు డొరాండో పియెట్రి అందరికన్నా ముందు స్టేడియంలోకి వచ్చింది నిజమే, కానీ ఆ 385 గజాల్లోనే పదేపదే కూలిపోయాడు. అధికారులు లేవదీసి గీత దాటించారు. సాయం పట్టినందుకు గెలుపు రద్దయి, బంగారు పతకం అమెరికా వాడు జానీ హేస్‌కు పోయింది. పాపమని మరునాడు రాణి అలెగ్జాండ్రా పియెట్రికి ఒక కప్పు ఇచ్చింది. తర్వాత కూడా దూరం కుదురుగా ఉండలేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో 42.75 పరిగెత్తించారు. చివరికి 1921లో అంతర్జాతీయ సమాఖ్య లండన్ కొలతనే ఖాయం చేసింది.

"అంటే ఆ రాజుగారి కుర్చీ ఓ పది గజాలు ఇవతల వేసుంటే మీకూ అంత ఆయాసం తగ్గేదన్నమాట" అంది పిన్ని, చట్నీ వడ్డిస్తూ.

బాబాయి ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని నిజంగానే ఆలోచించాడు. "9.144 మీటర్లు తగ్గేది" అన్నాడు.

బాబాయి కొడుకు, నాకు తమ్ముడు, టెక్సస్‌లో ఉంటాడు. వాడూ పరిగెత్తుతాడు. శనివారం రాత్రి వీడియో కాల్‌లో తండ్రీకొడుకులు మాట్లాడుకునేది ఆస్తుల గురించీ కాదు, ఆరోగ్యం గురించీ కాదు.

"ఇవాళ ఆరు చేశాను నాన్నా."

"నేను పది చేశాను."

వాడి ఆరు మైళ్లు. ఈయన పది కిలోమీటర్లు. ఆరు మైళ్లంటే 9.656 కిలోమీటర్లు. తండ్రి 344 మీటర్ల తేడాతో గెలిచినట్టు లెక్క. కానీ కొడుకు మైలుకు తొమ్మిదిన్నర నిమిషాల చొప్పున పరిగెత్తాడు. అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 54 సెకన్లు. బాబాయి కిలోమీటరుకు ఏడున్నర. వేగాల ప్రసక్తి రాగానే ఆయన, "నీది తొమ్మిదిన్నర, నాది ఏడున్నర" అని ఊరుకుంటాడు. పక్కన సోఫాలో ఉన్న పిన్నికి మొగుడు కొడుకును ఓడించాడని అర్థమవుతుంది. తన ఏడున్నర మైళ్లలోకి మారిస్తే పన్నెండు నిమిషాల నాలుగు సెకన్లవుతుందని ఆయనకు తెలుసు. అడిగితే చెప్తాడు కూడా. పిన్ని అడగదు కదా.

ఇక్కడే ఈ జాతి గుట్టు పట్టుకున్నాను. కిలోమీటరులో రెండు లాభాలున్నాయి. పరిగెత్తిన దూరం పెద్దగా వినిపిస్తుంది, పట్టిన సమయం చిన్నగా వినిపిస్తుంది. మరి మైలెందుకు? పరిగెత్తాల్సింది ఇంకా మిగిలి ఉన్నప్పుడు! ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు వెళ్తే, ఫ్లైఓవర్ వెనకాల ఫ్లైఓవర్ ఎక్కి దిగి, ఉక్కకు బనియను పిండుకునే స్థితిలో, పక్కన ఏడుపు మొహంతో నడుస్తున్న కుర్రాడికి బాబాయి, "ఇంకెంత, మూడు మైళ్లే" అని ధైర్యం చెప్తాడు. ఐదు కిలోమీటర్లంటే వాడు అక్కడే కూర్చుండిపోతాడని తెలుసు. అంచేత చేసింది కిలోమీటర్లలో, చేయాల్సింది మైళ్లలో. ఈ సూత్రం మన ప్రభుత్వాలకు తెలియనిదేమీ కాదు.

లెక్కలో మాత్రం ఆయన మోసం చెయ్యడు. మైలంటే 1.609344 కిలోమీటర్లు, 1959లో ఇంగ్లీషు మాట్లాడే దేశాలు కూర్చుని గజాన్ని 0.9144 మీటర్లుగా స్థిరపరిచాక వచ్చిన అంకె. అదంతా నోటికి పట్టని పిల్లలకు ఆయన ఒక చిట్కా చెప్తాడు. 3, 5, 8, 13, 21, 34 అని రాయండి, ముందు రెండూ కలిపితే తర్వాతిది వస్తుంది. ఏ అంకె మైళ్లయితే దాని పక్క అంకె కిలోమీటర్లు. మూడు మైళ్లు ఐదు కిలోమీటర్లు. ఐదు మైళ్లు ఎనిమిది. పదమూడు మైళ్లు ఇరవై ఒకటి, అదే హాఫ్ మారథాన్. రెండింటినీ రెట్టింపు చేస్తే 26, 42, ఫుల్ మారథాన్. ఈ వరసలో పక్కపక్క అంకెల నిష్పత్తి 1.618 దగ్గరికి వస్తుంది, మైలుకేమో 1.609. అందుకే అతుకుతుంది. "ఫిబొనాచీ సిరీస్" అంటారు బడిపిల్లలు. బాబాయి ఒప్పుకోడు. గురువులూ లఘువులూ కలిపి ఇన్ని మాత్రల పాదం ఎన్ని రకాలుగా కట్టొచ్చో లెక్కవేస్తూ హేమచంద్రుడు 12వ శతాబ్దంలోనే ఈ అంకెలు చెప్పాడు, ఫిబొనాచీ ఆ తర్వాతవాడు. ఛందస్సు వాళ్లు మైళ్ల కోసం చెయ్యలేదు గానీ, పనికొచ్చిందా లేదా? ఈ ఒక్క విషయంలో నేను బాబాయి పక్షమే.

ఆయన లెక్కకు లొంగనిది ఇంట్లో ఒక్కరే, మా నాయనమ్మ. 1956లో మెట్రిక్ చట్టం వచ్చిన సంగతి ఆవిడ దాకా ఇంకా రాలేదు. కోసు, ఆమడ, ఫర్లాంగు, ఇవే ఆవిడ దూరాలు. "మా పుట్టింటికి ఆమడ నడిచేవాళ్లంరా" అంటుంది. ఫర్లాంగైతే బాబాయికి భయం లేదు, మైలులో ఎనిమిదో వంతు, 201 మీటర్లు. ఆమడ దగ్గర ఆయనకు నిద్ర పట్టదు. నాలుగు కోసులు ఆమడ అనుకుంటే కోసెంత? రెండు మైళ్లా? ఊరూరికీ తేడా ఉందే!

"అమ్మా, సరిగ్గా చెప్పు. మీ ఊళ్లో ఆమడంటే ఎంత?"

"ఉత్త చేతులతో పోతే ఆమడ. చంకలో నువ్వుంటే రెండామడలు."

ఆ మాట తర్వాత బాబాయి ఆ పూట గడియారం పెట్టుకోలేదు.

పందేలకు వెళ్లినప్పుడు ఇంకో తంతు ఉంటుంది. ముగింపు గీత దాటగానే చుట్టూ ఉన్నవాళ్లంతా పతకం కన్నా ముందు గడియారం చూసుకుని, "నాకు 42.6 వచ్చింది, దారి ఎక్కువ కొలిచారు" అని గొణుగుతారు. బాబాయి వాళ్లను కూడేసి పాఠం మొదలుపెడతాడు. దారిని గడియారంతో కొలవరు, సైకిలుతో కొలుస్తారు. చక్రానికి జోన్స్ కౌంటర్ అనే లెక్కపెట్టే పరికరం బిగించి, ముందు టేపుతో కొలిచిన రోడ్డు మీద తొక్కి సరిచూసుకుని, ఆ తర్వాత మలుపు మలుపుకీ అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిలో తొక్కుతారు. పొరపాటున తక్కువ కాకుండా కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు కూడా. నువ్వు మలుపుల దగ్గర రోడ్డుకు అడ్డంగా తిరిగి, మంచినీళ్ల బల్ల దాకా పక్కకెళ్లి, ఫొటోకు చెయ్యి ఊపి, దారి ఎక్కువైందంటే ఎలా? ఇంత తెలిసినవాడు కాబట్టి తను మాత్రం ప్రతి మలుపులోనూ లోపలి అంచును రాసుకుంటూ పరిగెత్తుతాడు. రెండు బారికేడ్లు, ఒక కొబ్బరిబొండాల బండి ఆ శాస్త్రానికి బలయ్యాయి.

కిందటి ఏడాది తమ్ముడు బాబాయినీ పిన్నినీ టెక్సస్ తీసుకెళ్లాడు. దిగిన దగ్గర్నుంచి బాబాయికి పండగే. రోడ్డు బోర్డులన్నీ మైళ్లు, పెట్రోలు గాలన్లు, ఎండ ఫారెన్‌హీట్. నోరు మూయకుండా మార్చుకుంటూ పోవచ్చు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పొద్దున అక్కడ ఊరూరా టర్కీ ట్రాట్ అని పరుగులు పెడతారు. ఇంటిల్లిపాదీ పేర్లిచ్చారు, పిన్నితో సహా. అన్నిటికీ మైళ్లు వాడే ఆ దేశంలో పరుగు పేరు మాత్రం 5కే. దారి పొడవునా పెట్టిన బోర్డులేమో 1, 2, 3 మైళ్లు. ఆ విడ్డూరం చూసి బాబాయికి రాత్రంతా ఆనందంతో నిద్ర లేదట.

మూడో మైలు బోర్డు దగ్గర మన గుంటూరు కుర్రాళ్లు నలుగురు, అయిపోయిందనుకుని ఆగి సెల్ఫీలు దిగుతున్నారు. ఎదురుగా తెలుగువాళ్లు, నెత్తిన మైలు బోర్డు, తప్పుడు లెక్క. బాబాయి ఎలా దాటిపోతాడు? ఆగాడు. మూడు మైళ్లంటే 4.828 కిలోమీటర్లని, ఇంకా 172 మీటర్లు మిగిలుందని, ఎందుకు మిగిలిందో 1959 దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

సాయంత్రం కాల్‌లో పిన్ని మెడలో పతకం వేసుకునే కూర్చుంది. పంజాబీ డ్రెస్సు, కోడలి బూట్లు.

"దారిపొడవునా నడుచుకుంటూనే పోయానురా. అయినా మీ బాబాయికన్నా ముందొచ్చాను."

"ఎంత ముందు పిన్నీ?"

"నాకేం తెలుసు, ఆయన్నే అడుగు."

బాబాయి ఫోను లాక్కున్నాడు. "172 మీటర్లు. పాయింట్ 107 మైళ్లు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అయినా మీ పిన్ని అంత దూరం నడిచిందనడానికి రుజువేదిరా? చేతికి గడియారమే లేదు" అన్నాడు.