పాలమూరు – మనీలా, వయా ధరణి

మన రైతుల భూముల వివరాలు విదేశీ కంపెనీల చేతికి పోయాయని 2024 డిసెంబర్‌లో, భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి బిల్లు తెచ్చిన వేళ, ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శాసనసభలో చెప్పారు. ఫిలిప్పీన్స్ అన్నారు, సింగపూర్ అన్నారు. అందరూ గుండెలు బాదుకున్నారు గానీ నాకైతే ప్రాణం లేచొచ్చింది. ఎక్కడో ఒకచోట మన భూమి జాడ ఉందన్నమాట!

2020 అక్టోబర్ 29న ధరణి తెరిచిన నాటి నుంచి దేవరకొండలో అడిగితే లేదు, అచ్చంపేటలో అడిగితే లేదు. ‘మా లాగిన్‌ల రాలే, కలెక్టర్ సారు లాగిన్‌ల చూడాలె’ అని తహసీల్ ఆఫీసు. ‘రిజెక్టయింది, మళ్ల పెట్టుకో’ అని మీసేవ. ఎందుకు రిజెక్టయిందో మాత్రం పరమ రహస్యం.

కాబట్టి ఆర్టీసీ వారికి మనవి. పాలమూరోళ్లకు బొంబాయి బస్సు కొత్త కాదు. దాన్నే మనీలాకు పొడిగించండి. మిర్యాలగూడలో బయలుదేరి హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా. సముద్రం అడ్డమంటారా? దేశమంతా కట్టలు పోసిన పాలమూరు లేబర్ ఉండగా దానికేం భయం. ముందు సీట్లు వివాదముందని భూమిని పార్ట్-బీలో పడేసిన వాళ్లకు. నడుమ సర్వే నంబర్ మిస్సింగ్ వాళ్లు. వెనక నిషేధిత జాబితా. తెల్లకాగితం మీద భూమి కొన్న సాదాబైనామా వాళ్లు టాపెక్కాలి, వాళ్లకు అలవాటే.

దిగాక జాగ్రత్త. గేటు కాడ ‘రైతును’ అన్నారో, గోప్యమని గెంటేస్తారు. ‘కన్సల్టెంటును’ అనాలి. కుర్చీ వేస్తారు, కాఫీ ఇస్తారు, లాగిన్ కూడా ఇస్తారు. అందుకే బస్సులోనే విజిటింగ్ కార్డులు పంచాలి: మల్లయ్య, భూ సలహాదారు, అనుభవం నలభై ఏండ్లు, అంతా ఒకే సర్వే నంబర్లో. ధరణిలో అనుభవదారు కాలమ్ ఎట్లాగూ ఎత్తేశారు, కార్డు మీదనైనా ఉండనీ. లోపల గోప్యతా ఒప్పందం మీద సంతకం పెట్టాలి: తన పొలం హద్దులు మల్లయ్య తన పెండ్లానికి కూడా చెప్పరాదు. చెబితే జరిమానా డాలర్లలో.

ధరణిని అప్పగించింది ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపు కంపెనీకి. ఆ గ్రూపు 2018లోనే రూ.90 వేల కోట్లకు పైగా అప్పులతో కూలింది. కంపెనీ చేతులు మారింది, టెర్రాసిస్ అయింది. దాని పేరు మారితే ఎవరూ కాగితం అడగలేదు. తండ్రి చచ్చిపోతే కొడుకు పేరు ఎక్కడానికి మాత్రం చెప్పులరిగాయి.

దాచాల్సింది ఆధార్ నంబరు, కులం. వ్యవసాయేతర ఆస్తులకు అవి ఎందుకని 2020లో హైకోర్టే అడ్డుపడింది. చెప్పాల్సింది ఏమిటంటే, నా రెండెకరాలు పార్ట్-బీలోకి ఏ తారీఖున, ఎవరి సంతకంతో పోయాయన్నది. దాచాల్సింది బయటోడి చేతిలో పెట్టి, చెప్పాల్సింది భూమిగలోడికి దాచారు. దీన్ని సంస్కరణ అన్నారు, పాలాభిషేకాలు చేయించుకున్నారు. ఆ రెండెకరాల మీద ఒక ఆడపిల్ల పెండ్లి ఆగింది, బ్యాంకు అప్పు ఆగింది, రైతుబంధు ఆగింది.

ముఖ్యమంత్రి గారూ, మీరూ పాలమూరు బిడ్డే. ధరణి నిర్వహణ కేంద్ర సంస్థ ఎన్‌ఐసీకి మార్చారు, బాగుంది. పాత ఒప్పందం సభ ముందు పెట్టండి. డేటా కాపీలు ఎవరెవరి దగ్గరున్నాయి, చెరిపేశామని సంతకం పెట్టిందెవరు? దేశం దాటిందని మీరే చెప్పిన సమాచారాన్ని ఊళ్లో ఉన్న రైతుకు చూపడానికి ఏ చట్టం అడ్డం? సెక్షన్ నంబరు చెప్పండి.