ప్రవాళ వైద్యము

సముద్రమును గాజుతొట్టిలో బంధించి ముందుగదిలో నిలుపుకొన్న గృహస్థునకు లోకమున ఏ వైద్యునికిని లేని సౌకర్యమొకటి కలదు: అతని రోగి మూలుగదు, మందు చేదని యుమియదు, మఱియొక వైద్యుని కడకు పోదు. పగడము ముడుచుకొన్నను, వన్నె తప్పి వెలవెలబోయినను, మొదలినుండి కండ యూడి తెల్లని సున్నపుటెముక బయలుపడినను, అతడు క్షణమాత్ర మాలోచించి, తొట్టి క్రింది అలమారనుండి ఒక సీసా తీసి మూత విప్పును. తెల్లవాఱునప్పటికి గుణము కనిపింపనిచో రెండవదానిని విప్పును. మూడవదియు నాల్గవదియు విప్పునప్పటికి రోగి పోవును గాని, వైద్యుని యుత్సాహము పోదు. భారతదేశమున పగడములకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షగా నున్నందున, ఈ చికిత్సాభాగ్యము అమెరికా గృహములలోని పగడములకే విరివిగా దక్కుచున్నది.

నీటిని పరీక్షించితిరా యని యడుగుడు. "నీరు దివ్యముగా నున్నది" అని సమాధానము వచ్చును. అంకె యడిగినచో నొచ్చుకొందురు. ఉప్పు పాళ్లు కొలుచు రిఫ్రాక్టోమీటరును కొన్ననాటినుండి సరిచూడనివారు కొందఱు. సరిచూచువారిలోను పలువురు స్వేదనజలపు బొట్టు వేసి, సున్న కనిపించినంతనే సంతుష్టులగుదురే గాని, వేయింట 35 పాళ్ల లవణత గల ప్రమాణద్రావణముతో పోల్చి చూడరు. సున్నవద్ద సత్యము పలికిన పరికరము 35వద్ద బొంకవచ్చునన్న శంక వారికి పొడమదు. ఆల్కలినిటీ సంగతి మఱింత రమణీయము. పగడము తన యస్థిపంజరమును కట్టుకొనుటకు నీటిలోని కాల్షియమును కార్బొనేటును నిత్యము వాడుకొనును. సముద్రజలమున ఆ కార్బొనేటు నిల్వకు కొలతయైన ఈ ఆల్కలినిటీ సుమారు 7 డిగ్రీలు (డి.కె.హెచ్.) ఉండును, 7 మొదలు 9 వఱకు ఎక్కడ నిలిపినను పగడము పెద్దగా ఆక్షేపింపదు, నిలిపినచో. మన వైద్యశిఖామణి ఆదివారము ఉదయమున కొలిచి, 7 అని తేలగా, 11 అయినచో కొమ్మలు త్వరగా పెరుగునని ఎవరో చెప్పిన మాట జ్ఞప్తికి దెచ్చుకొని, చీకటి పడకముందే 11 చేయును. దినమునకు ఒక్క డిగ్రీకి మించి కదపరాదన్న నియమము పిఱికివారి కొఱకని యాతని నమ్మకము. మంగళవారమునకు ఆక్రొపోరా యను పగడపు కొమ్మల కొనలు కాలినట్లగును. అంతట దోషము కనిపెట్టి, సగము నీరు తోడిపోసి మరల దింపును. పాపము, ఆ పగడము ఒక్క వారములో రెండు సముద్రములను చూచును.

నైట్రేటు, ఫాస్ఫేటు అను పేర్లు వినినంతనే ఆతనికి నాచు స్ఫురించును. నాచు స్ఫురించినంతనే వానిని సున్నకు దింపు ద్రావణములు స్ఫురించును. పగడపు కండలో సూక్ష్మశైవలములు కాపురముండి, వెలుతురుతో ఆహారము వండి, అందు పెద్దపాలు ఆశ్రయమిచ్చిన జీవికే యొప్పగించుచున్నవి. వానికిని నత్రజనియు భాస్వరమును కొంచెమైనను కావలెను. కుండలో కూడు కుండలోనే యుండవలెను, బిడ్డ మాత్రము దుడ్డువలె నుండవలెనన్నట్లు, నీటిలో పోషకమేమియు నుండరాదు గాని పగడము మాత్రము నిండువన్నెతో మెఱయవలెనని యితని పట్టు. అది పాలిపోగా, వెలుతురు చాలలేదని ఎల్.ఇ.డి. దీపమును నూటికి నూఱు పాళ్లకు హెచ్చించును. అప్పటికే శైవలములను కోల్పోవుచున్న పగడము, ఆ ప్రచండకాంతికి తాళలేక, శేషించినవానిని గూడ వెడలగొట్టును. ఇక చేపకు తెల్లమచ్చల రోగము తగిలినదని అదే తొట్టిలో రాగిమందు పోయు ధర్మాత్ముని గూర్చి వ్రాయుటకు కలము జంకుచున్నది. చేపకు ఔషధమైన ఆ మోతాదు పగడమునకు విషము; పైగా రాళ్లును ఇసుకయు ఆ రాగిని పీల్చుకొని మెల్లమెల్లగా వదలుచుండును గనుక, ఆయన దాతృత్వము రాబోవు పగడములకును అందును.

పగడమును మందు పోయక చూచి తెలిసికొనినవారును పూర్వము లేకపోలేదు. 1706లో మార్సిగ్లి అను ఇటలీ ప్రభువు పగడపు కొమ్మపై తెల్లని పువ్వులను చూచి, అది చెట్టేయని పండితులను నమ్మించెను. 1720వ దశకమున మార్సెయి పట్టణపు వైద్యుడు పెసొనెల్, పగడమును సముద్రజలముగల పాత్రలో నుంచి, ఆ పువ్వులు తాకినంతనే ముడుచుకొనుటయు, కదపక విడిచినప్పుడు విచ్చుకొనుటయు గమనించి, అవి జంతువులని చాటెను. ఆ వింతమాటను పారిస్ అకాడమీలో వినిపించిన రెయోమూర్, చెప్పినవాని పరువు దక్కించుటకై, పేరు దాచెను. పెసొనెల్ వైద్యుడే యయ్యును పగడమునకు మందు పోయలేదు. చూచెను, వేచెను, మరల చూచెను. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ప్రకటించిన సముద్రపు తొట్టి పద్ధతిలోను సముద్రపు సజీవశిలలు, సూర్యకాంతి, గాలిబుడగలు తప్ప ఆడంబరమేమియు లేదు. మన గృహస్థుడు పగడము జంతువేనని యొప్పుకొనును. కాని రాత్రి దీపమార్పిన పిదప టార్చిలైటుతో కొమ్మల అడుగున వెదకినచో కండను కొఱుకు పురుగులును వాని గ్రుడ్లును కనిపింపవచ్చునని గాని, లవణతను వేడిమిని దినదినము ఒకే వేళకు వ్రాసికొన్నచో ఎక్కడ తప్పినదో ఆ కాగితమే చెప్పవచ్చునని గాని, ఒకసారికి ఒక్క మార్పే చేసి వారము దినములు చేతులు కట్టుకొన్నచో ఏది పని చేసినదో తెలియవచ్చునని గాని చెప్పి చూడుడు, చిఱునవ్వు నవ్వును. వీనికి వెల లేదు గనుక విలువయు లేదు. సీసామీదనో, రంగురంగుల పగడపు బొమ్మ కలదు.

రోగి గతించిన పిదప మరణకారణ విచారణ జరుగును. అయిదు మందులు ఒక్కసారిగా పడినందున ఏది చంపినదో తేల్చుట దుస్సాధ్యము. తేలలేదు గనుక ఏ మందునకును దోషము లేదు. నీరా, మొదటినుండియు దివ్యమే. కావున నేరము విక్రేతపై పడును: రోగిష్టి ముక్కను అంటగట్టెనట. వారము తిరుగకముందే ఆతనికడనే మఱియొక ముక్క కొనును. అలమారలో సీసాలు సగము సగము మిగిలియున్నవి, పాఱవేయుటకు మనసొప్పదు. అందుచేత క్రొత్తది తొట్టిలో దిగిన సాయంకాలమే, రోగమింకను రాలేదు గదా యని యెవరైన నన్నను వినక, బలమునకై అన్నింటిలోనుండియు తలా యొక మూత పోయును.