ఎవరికీ లేని పేరు

బిడ్డ పుట్టగానే పోలిక తాతదా, మేనమామదా అని చూసుకునే రోజులు పోయాయి. పురిటి మంచం మీంచి తల్లి, వరండాలోంచి తండ్రి, వీడియో కాల్‌లో డల్లాస్ నుంచి బాబాయి అంతా ఒకటే మాట: "పేరు మాత్రం ఎవరికీ లేనిది పెట్టాలి." షరతులు ఇంకా ఉన్నాయి. నక్షత్రం చెప్పిన అక్షరంతోనే మొదలవ్వాలి. మూడక్షరాలు దాటకూడదు. సంస్కృతమై ఉండాలి గాని పాతకాలం వాసన రాకూడదు. అమెరికాలో టీచరమ్మకు నోరు తిరగాలి. ఇన్ని షరతులు పెళ్లిచూపుల నాడే పెట్టి ఉంటే అసలీ బిడ్డ పుట్టేదే కాదు.

ప్రభుత్వం ఈ తపస్సును ముందే ఊహించినట్టుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లో కబురు చెప్పాలి గాని, పేరు అప్పుడే చెప్పక్కర్లేదు. ఏడాదిలోగా చెబితే రుసుము కూడా లేదు. ఆ తర్వాతైనా రుసుము కట్టి 15 ఏళ్ల దాకా చేర్పించుకోవచ్చు. కూలిపనికి పోయే తల్లిదండ్రులకు అక్కరకు రావలసిన వెసులుబాటు ఇది. చివరి రోజు దాకా వాడుకుంటున్నది మాత్రం ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లవాళ్లు. అందాకా బిడ్డ ఆస్పత్రి కాగితాల మీద 'బేబీ ఆఫ్ లావణ్య'గానే పెరుగుతుంది. ఆ పేరుకు మూలమేమిటో ఏ పండితుణ్నీ అడగనక్కర్లేదు.

అక్షరం సంగతి చూద్దాం. నక్షత్రాలు 27, ఒక్కోదానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అందులో ఆర్ద్ర మూడో పాదానికి ఙ వస్తుంది, హస్త మూడో పాదానికి ణ వస్తుంది. ఎవరికీ లేని పేరు కావాలనేవాళ్లు ఎగిరి గంతేయవలసిన చోటిది. ఙ తో పేరు పెడితే రెండు తెలుగు రాష్ట్రాల్లో పోటీకి వచ్చే మొనగాడు లేడు. (వియత్నాంలో మాత్రం ఙ తో మొదలయ్యే ఇంటిపేరే అన్నిటికన్నా ఎక్కువ. వాళ్ల పంచాంగం వేరు.) అయినా ఆ పాదంలో పుట్టిన పిల్లకు ఆ అక్షరంతో పేరు పెట్టిన ఇల్లు ఒక్కటి చూపించండి. సిద్ధాంతిగారు కళ్లజోడు సవరించుకుని, "దగ్గర అక్షరం తీసుకోవచ్చమ్మా, దోషం లేదు" అనేస్తారు. అదే స్వాతి రెండో పాదమై రే వచ్చిందనుకోండి, శాస్త్రం ఇక వెంట్రుకవాసి జరగదు. ఎందుకంటే అక్కడ రేయాన్ష్ సిద్ధంగా ఉన్నాడు.

ఫోనులో పేర్ల పట్టిక తెరిస్తే రేయాన్ష్ పక్కనే అర్థం ఉంటుంది: కాంతి కిరణం, సూర్యుడిలో భాగం, విష్ణువు అంశ. ఇంత చిన్న పేరులో ఇంతమంది దేవుళ్లు ఎలా పట్టారా అని విడదీసి చూస్తే, అంశ అన్న ముక్క సంస్కృతమే, సందేహం లేదు. మరి రే? కిరణానికి సంస్కృతంలో రశ్మి ఉంది, మయూఖం ఉంది, మరీచి ఉంది, అంశువు ఉంది. రే అనే కిరణం నాకు ఇంగ్లీషు మీడియం సైన్సు పుస్తకంలోనే కనిపించింది. సంస్కృతంలోనూ రే లేకపోలేదు; అది 'ఒరేయ్' అని పిలిచే పిలుపు. ఆ లెక్కన ఇది 'ఒరేయ్ భాగమా' అవుతుంది. పోనీ తెలుగు దారిన వెళ్దామంటే రేయి అంటే రాత్రి, రేయిలో అంశ అంటే రాత్రిలో ఒక భాగం. ఇంటిల్లిపాదినీ తెల్లవార్లూ మేలుకోబెట్టే ఆ వయసుకు ఈ అర్థమే అతికినట్టుంది గాని, బారసాల బ్యానర్ మీద దీన్ని ఎవరూ వేయించరు.

ఆ అంశ ఒకటి దొరికాక ఇక ఆగలేదు. దేవాన్ష్, శివాన్ష్, రుద్రాన్ష్, అయాన్ష్ అంటూ ముక్కోటి దేవతలనూ వాటాలు వేసి అపార్ట్‌మెంటుకు ముగ్గురేసి చొప్పున పంచేశారు. మాట చివర అచ్చు లేకపోతే నాలుక నిలవని జాతి మనది. ఊళ్లో నాయనమ్మ 'రేయాంసూ' అని నోరారా పిలుస్తుంది. వాడు పలకడు. అది తన పేరు కాదని వాడికి ప్లేస్కూల్లో నేర్పారు.

ఆడపిల్లల వైపు కియారా ఉంది. హిందూ పేర్ల పట్టికల్లో నిక్షేపంగా కూర్చుని ఉంటుంది. ఇటలీలో కియారా అంటే వెలుగు, లాటిన్ నుంచి వచ్చింది. ఐర్లండులో దానికి జంటగా చెప్పే పేరుకు మూలం నలుపు. డిస్నీవాళ్లు 1998లో తీసిన లయన్ కింగ్ రెండో భాగంలో కియారా అంటే సింబా కూతురు, ఆడ సింహప్పిల్ల. 2010లో వచ్చిన 'అంజానా అంజానీ' హిందీ సినిమాలో ప్రియాంకా చోప్రా పాత్ర పేరు కియారా. అది నచ్చి ఆలియా అద్వానీ తన తెరపేరుగా తెచ్చుకుని, 2018లో 'భరత్ అనే నేను'తో మన థియేటర్లకు వచ్చింది. వెలుగు, చీకటి, సింహం, సినిమా అన్నీ కలిపి బ్యానర్ మీదికి వచ్చేసరికి 'సంస్కృత మూలం' అయింది. సినిమా చూసి పేరు పెట్టుకుంటే తప్పేముంది? 2006లో 'బొమ్మరిల్లు' చూసొచ్చి పెట్టిన హాసినులు ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉన్నారు. ఎందుకు పెట్టారని అడిగితే వాళ్ల అమ్మలు సినిమా పేరే చెబుతారు, ఉపనిషత్తు మీదికి నెట్టరు.

ఆ పట్టికల్లో అర్థం పక్కన ఇంకో గడి ఉంటుంది: ఈ పేరుకు ఆదరణ ఇంత శాతం, అరుదు ఇంత, అదృష్ట రంగు నీలం. ఆ శాతం ఏ ఆఫీసు లెక్కగట్టిందో మాత్రం రాయరు. అమెరికాలోనైతే సోషల్ సెక్యూరిటీవాళ్లు ఏటా పేర్లు లెక్కపెట్టి బయటపెడతారు. ఒక ఏడాదిలో అయిదుగురికన్నా తక్కువమందికి పెట్టిన పేరును గోప్యత కోసం పట్టికలో చూపరు. మన దేశానికి ఏటా అచ్చయ్యే అలాంటి పట్టికే లేదు. లేని లెక్కలోంచి శాతం తీయడం కూడా ఒక సిద్ధే.

లెక్క ఉన్నచోట ఏం జరిగిందో చూడండి. ఇంగ్లీషులో స్వర్గాన్ని, అంటే హెవెన్‌ను తిరగేసి రాస్తే నెవేయా అవుతుంది. 1999లో అమెరికా మొత్తం మీద ఈ పేరు పెట్టుకున్న పాపలు 8 మంది. 2000లో ఒక రాక్ గాయకుడు టీవీలో తన నెవేయాను చూపించాడు. ఆ ఏడు 86 మంది, మరుసటేడు 1,191 మంది, 2005లో 4,457 మంది. ప్రతి తల్లీ తన పిల్ల ఒక్కతే అనుకునే పెట్టి ఉంటుంది. అందరూ ఒకే బావిలో చేద వేసి, నా నీళ్లు ఎవరివీ కావంటే ఎలా? ఇక్కడ ప్లేస్కూల్ ఆయమ్మ ఆ సమస్యను ఎప్పుడో తేల్చేసింది. పొడుగు రేయాన్ష్, కళ్లజోడు రేయాన్ష్, ఏడుపు రేయాన్ష్. వాళ్ల ఊళ్లో పెద్ద వెంకటేశ్వర్లు, చిన్న వెంకటేశ్వర్లు, నల్ల వెంకటేశ్వర్లు ఉన్నప్పుడు నేర్చుకున్న విద్యే అది.

ఇక సంఖ్యాశాస్త్రం. మన పేరుకు అంకె కట్టాలంటే మన అక్షరాలు పనికిరావు. ఇంగ్లీషు స్పెల్లింగు కావాలి. ఎక్కువమంది వాడే పట్టిక కీరోది. ఆయన ఐర్లండువాడు, అసలు పేరు విలియం జాన్ వార్నర్, 1936లో పోయాడు. పెట్టుకున్న పేరుతో బతికినవాడు గనక పేరు మార్పు మీద ఆయన మాటకు విలువుంది, కాదనను. ఆయన లెక్క కుదరడానికి మన పిల్లల పేర్ల చివర ఒక హెచ్, మధ్యలో రెండు ఏలు అదనంగా వచ్చి చేరతాయి. పిలిచేటప్పుడు వినబడవు, పాస్‌పోర్టు ఆఫీసులో మాత్రం జీవితాంతం వినబడతాయి.

అసలు అరుదంటే ఏమిటో తెలిసిన మనుషులు ఇక్కడ ఉండేవారు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో కొడుకు పుడితే లవణం అని పెట్టాడు. ప్రపంచం యుద్ధంలోకి దిగిన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానానికి హిందీ అంకె తీసుకుని నౌ అన్నాడు. నాస్తికుడు గనక నక్షత్రం చూడలేదు, సిద్ధాంతిని పిలవలేదు. మూలమేదని అడిగితే ఆ ఏడాది పేపరు చూపిస్తే సరిపోతుంది.

గోరా దాకా ఎందుకు? అప్పలనాయుడు అనగానే సింహాచలం కొండ కనబడుతుంది. పైడితల్లి అంటే విజయనగరం. పెంచలయ్యది నెల్లూరు వైపు, పెంచలకోన స్వామి మొక్కు. ఓబులేసు అహోబిలం దేవుడు, కోటయ్య కోటప్పకొండ, రాజన్న వేములవాడ, యాదగిరి ఉన్న ఊరే. గుంటూరు మస్తాన్‌వలి దర్గాకు మొక్కుకుని కన్న హిందువుల ఇళ్లలో మస్తాన్‌రావులూ మస్తానమ్మలూ ఉన్నారు. పేరు చెబితే జిల్లా, దేవుడు, మొక్కు అన్నీ తెలిసేవి. పిన్‌కోడ్ ఒక్కటే తక్కువ. వరసగా పిల్లలు దక్కని ఇంట పుట్టినవాణ్ని పెంట మీద పెట్టి తీసుకుని పెంటయ్య అన్నారు, తవుడుకు అమ్మి తిరిగి కొనుక్కుని తవిటయ్య అన్నారు, అడుక్కుని తెచ్చుకున్నామని భిక్షమయ్య అన్నారు. చావు కన్ను పడకుండా, ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ అని లోకానికి చెప్పడం. ఎవరికీ లేని పేరు కోసం ఇవాళ వెతుక్కునేవాళ్లు, ఏ తల్లి ఎంత భయపడి పెట్టిందో ఆ పేరు వినగానే ముఖం చిట్లిస్తారు. నిజానికి ఈ ఏడు పెంటయ్య అని పెట్టండి, హైదరాబాదులో ఒక్క ప్లేస్కూల్లోనూ రెండోవాడు దొరకడు. హామీ నాది.

తాత పేరు పూర్తిగా పోయిందనీ అనలేం. రేయాన్ష్ వెనక ఒక వి ఉంటుంది, అది వెంకటరామయ్యగారు. అరవై ఎకరాలు, మూడు బావులు, ఒక చెరువు చూసినాయన ఇప్పుడు ఒక అక్షరం మీద సర్దుకున్నారు. ఆయన బతికుంటే పెద్దగా బాధపడరు. మామగారి పేరు నోట పలకకూడదని ఆ రోజుల్లో కోడళ్లు ఆయన పేరు పెట్టిన మనవణ్ని 'బాబ్జీ' అనే పిలిచారు. ఇప్పుడు రేయాన్ష్‌నూ ఇంట్లో 'చిన్నూ' అంటున్నారు. ఎవరికీ లేని పేరు ఆధార్ కార్డులో భద్రంగా ఉంది.

సముద్రం దాటాక ఇంకో పేరు ఎదురుచూస్తుంటుంది. ఇంటిపేరు, ఇచ్చిన పేరు అన్న తేడా తెలియక పేరంతా పాస్‌పోర్టులో ఒకే గడిలో రాయించుకున్నవాళ్లకు అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని అచ్చవుతుంది: తొలిపేరు తెలియదని అర్థం. అది అక్కడితో ఆగదు. డ్రైవింగ్ లైసెన్సు మీదా, బ్యాంకు కార్డు మీదా అదే ఎక్కుతుంది. మనవాళ్లు ఎందరో ఫ్నూగారుగా ఆ దేశంలో చక్కగా బతుకుతున్నారు. నక్షత్రం చూడలేదు, పట్టిక వెతకలేదు. కీరో లెక్కలో వేసి చూశాను: ఎఫ్‌కు 8, ఎన్‌కు 5, యూకు 6. మొత్తం 19, కలిపితే 10, మళ్లీ కలిపితే 1, సూర్యుడి సంఖ్య. అందులోనూ 19 మహా అదృష్టమని కీరో స్వయంగా రాశాడు.