సమర్థన జతపరచడమైనది

కేంద్ర ప్రభుత్వానికి ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ మీద వల్లమాలిన ప్రేమ. 2015 మార్చిలో ఏకంగా ఒక విధానమే రాసుకుంది. సర్కారీ ఆఫీసులు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు తొలి మొగ్గు ఓపెన్ సోర్స్ వైపే ఉండాలి. తాళం వేసిన సరుకు అమ్మవచ్చిన కంపెనీ, ఓపెన్ సోర్స్ ఎందుకు వద్దో కాగితం మీద చెప్పుకోవాలి. పాటించడం తప్పనిసరి. ఆ 'తప్పనిసరి' చూసి మురిసిపోయినవాళ్లు మినహాయింపుల పేరా దాకా వెళ్లినట్టు లేదు.

తిరకాసంతా అక్కడే ఉంది. సరిపడేది దొరక్కపోతే మినహాయింపు. అర్జెంటయితే మినహాయింపు. వ్యూహాత్మక అవసరమైతే మినహాయింపు. ఓపెన్ సోర్స్ సంగతి తెలిసినవాళ్లు లేకపోయినా మినహాయింపే, తగిన సమర్థన జతచేస్తే చాలు. మార్చి 31 లోపు నిధులు ఖర్చు చేయాల్సిన చోట అర్జెంటు కాని కొనుగోలు ఏముంటుంది? తెలిసినవాడంటారా, పాపం, ఆయనకెప్పుడో బదిలీ అయిపోయింది. కాబట్టి ఈ విధానాన్ని ఉల్లంఘిద్దామన్నా ఎవరికీ వీలు పడదు.

ఫైలు ఎలా కదులుతుందో ఊహించుకోండి.

"సార్, ఓపెన్ సోర్స్ ఎందుకు వద్దో సమర్థన రాయాలట."

"పోయినేడు హాజరు సాఫ్ట్‌వేర్ ఫైల్లో ఉందిగా. దించెయ్."

"మనం కొనేది పింఛన్లది సార్."

"హాజరు తీసేసి పింఛను పెట్టవయ్యా. కంప్యూటరే మార్చేస్తుంది. అన్నీ నేనే చెప్పాలా?"

కంప్యూటర్ నిజంగానే మార్చేసింది. 'గైరుహాజరు' ఉన్నచోటల్లా 'గైరుపింఛను' అనే కొత్త పథకం వెలసింది. కింద సంతకాలు పెట్టినవారిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఇక సరిపడేది దొరక్కపోవడమంటారా, ప్రభుత్వ సంస్థే అయిన సీడాక్ వారు 2007లోనే బాస్ లినక్స్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ చేసిపెట్టారు. తెలుగులోనూ పనిచేస్తుంది. మన ఆఫీసుల్లో మాత్రం బాస్ అంటే ఏసీ గదిలో ఉండే ఆయనే. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే చదువు కానిచ్చేస్తున్నారు. వాళ్లకు మినహాయింపుల పేరా పాఠంగా పెట్టలేదు కాబోలు.

తలుపులు తెరిచిన సందర్భమూ లేకపోలేదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ సోకినవారి జాడ తీసే ప్రభుత్వ యాప్ ఆరోగ్య సేతు వచ్చింది. విమర్శలు హోరెత్తాక, మే నెలాఖరుకు ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను లోకం ముందు పెట్టారు. భేష్. ఇంతకీ దీన్ని తయారుచేసిందెవరని ఒక పౌరుడు సమాచార హక్కు కింద అడిగితే, జాతీయ సమాచార కేంద్రం (ఎన్ఐసీ) తన దగ్గర ఆ సమాచారం లేదంది. యాప్ వెబ్‌సైట్లో ఉన్నది తన పేరే! అక్టోబరులో కేంద్ర సమాచార కమిషన్ షోకాజ్ నోటీసిచ్చాక, పరిశ్రమల వారితోనూ విద్యాసంస్థల వారితోనూ కలిసి ఎన్ఐసీయే చేసిందని ప్రభుత్వం వివరణ ఇచ్చుకుంది. కోడ్ ఓపెన్, కట్టినవాళ్లు క్లోజ్డ్.

ఏలినవారికి చిన్న విన్నపం. ఆ సమర్థన పేరానైనా అధికారికంగా ఓపెన్ సోర్స్ చేసేయండి. ఏ ఆఫీసైనా ఉచితంగా దించుకుంటోంది, తోచినట్టు మార్చుకుంటోంది, పక్క ఆఫీసుకు పంచుతోంది. ఇక మిగిలింది లైసెన్సు ఒక్కటే.